నీటి నడుమ దిబ్బలు

మాది చండ్రుగొండ. ఊరు దాటితే అడవి. టేకు, మద్ది, ఇప్ప చెట్ల మధ్య పెరిగిన నాకు నీళ్ళంటే ఊరి చెరువూ, వానాకాలంలో పొంగే వాగూను. చిన్నప్పుడు ఒకసారి మా నాన్న నన్ను కొత్తగూడెం, పాల్వంచ దాటించి కిన్నెరసాని జలాశయం చూపించాడు. నీటి మధ్య చెట్లతో నిండిన దీవులు కనిపించాయి.

"ఆ దీవుల మీద ఎవరుంటారు నాన్నా?" అని అడిగాను.

"పిట్టలుంటాయి. మనిషి పోలేని చోటే వాటికి ఇష్టం," అన్నాడు నాన్న.

ఆ మాట అప్పుడు నాకు వట్టి చమత్కారంగా తోచింది. అది అక్షరాలా నిజమని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మూడు గుడ్లు నష్టం కూడా వచ్చింది. ఆ సంగతే చెబుతాను.

మా అమ్మ పుట్టిల్లు కైకలూరు దగ్గర. మా మేనమామ కొల్లేరు అంచున ఆటపాక పక్షుల కేంద్రంలో కాపలాపని చేసేవాడు. పదేళ్ళ క్రితం మాట ఇది. అప్పటికి అది కృష్ణా జిల్లా. 2022 నుంచి ఏలూరు జిల్లా అయింది. నేను చదువు ముగించి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. "వాణ్ణి ఇక్కడికి పంపు అక్కా, నాకు ఒక చెయ్యి సాయంగా ఉంటుంది," అని మామయ్య కబురు చేశాడు. దసరా వెళ్ళగానే దమ్మపేట, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా ఏలూరు చేరి, అక్కణ్ణించి కైకలూరు బస్సెక్కాను.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దానిలో కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో ప్రభుత్వం అందులో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించింది. చెట్టు కనిపించని చోటును అరణ్యం అంటారేమిటని మా అడవిలో పుట్టిన నాకు నవ్వొచ్చింది. నా నవ్వు చూసి మామయ్య, "రేపు పొద్దున్న మాట్లాడు," అన్నాడు.

మర్నాడు చీకటితో లేచి గట్టుమీద నిలబడ్డాం. చుట్టూ గట్టు, లోపల నీరు, నీటి నడుమ మట్టితో పోసిన దిబ్బలు. దిబ్బల మీద కొన్ని చెట్లూ, చెట్లు లేనిచోట ఇనపగొట్టాలతో కట్టిన ఎత్తైన మంచెలూ ఉన్నాయి. తెల్లవారేసరికి ఒక్కొక్క మంచె మీద బూడిదరంగు మూటలు కదలసాగాయి. అవి గూడబాతులు. ముక్కు కింద సంచి ఉండే ఈ పక్షి రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు సుమారు ఎనిమిదడుగులు! వాటి పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు, తెల్లకొంగలు. ఇక నేను మాట్లాడలేదు.

ఇనపమంచెలు ఎందుకని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. వందలకొద్దీ పక్షులు ఏటేటా ఒకే చెట్టుమీద కాపురముంటే వాటి రెట్ట ఆకుల మీదా, వేళ్ళ మీదా పడి చెట్టు మాడిపోతుంది. రెట్ట పొలానికి మంచి ఎరువే, కాని మోతాదు మించితే ఏ ఎరువైనా విషమే గదా! చెట్లు చచ్చినచోట మంచెలు నిలబెట్టారు. ఆ రెట్ట ఇనుమును మాత్రం ఊరికే వదులుతుందా? దాన్నీ తినేస్తుంది. అందుచేత పక్షులు గుడ్లకు దిగకముందే మంచెలన్నీ చూసుకోవాలి.

ఆ పని నాకు పడింది. తాటిదోనెలో వెళ్ళి, గొట్టాలకు పట్టిన రెట్టను గీకి, తుప్పు రుద్ది, రంగు పూసి, ఊగులాడే చోట తీగతో బిగించాలి. కొల్లేటి తాటిదోనె చూశారా మీరు? తాటిమానును తొలిచి చేస్తారు. ఎక్కినవాడు ఎటు వంగితే అదీ అటే వంగుతుంది. మొదటి వారంలో నేను నాలుగుసార్లు నీళ్ళలో పడ్డాను. నీళ్ళు నడుము లోతే గనక పరువు ఒక్కటే పోయింది.

మంచెల తరువాత గుర్రపుడెక్క. ఊదాపూలతో చూడడానికి అందంగా ఉండే ఈ నీటిమొక్క వారం రోజులు చూడకపోతే నీటిని చాపలా కప్పేస్తుంది. అప్పుడు గూడబాతుకు చేప కనబడదు. పైగా అంత బరువైన పక్షి కొంతదూరం నీటిమీద పరుగెత్తితేగాని గాలిలోకి లేవలేదు. చాప పరిచినట్టుంటే ఎక్కడ పరుగెత్తుతుంది? కొడవళ్ళతో కోసి గట్టుకు లాగేవాళ్ళం. తెగిపోయిన వలముక్కలను ఏరడం ఇంకో పని. నైలాను తాడు కాలికి చుట్టుకుంటే పక్షి గతి అంతే. ఈ పనుల నడుమ గట్టుకు ఎక్కడైనా ఎండ్రకాయ బొరియ పడిందా, నీరు కారుతోందా అని రోజుకొకసారి చుట్టూ తిరిగి రావాలి. పక్షుల దగ్గర పనికి వచ్చానని అనుకున్నానుగాని, పక్షిని ముట్టుకునే పని ఒక్కటీ లేదు.

సాయంత్రం లెక్క. గట్టుమీద మేము పాతిన గుంజ దగ్గరే నిలబడి దుర్భిణితో ఒక్కొక్క మంచె మీది గూళ్ళను లెక్కపెట్టాలి. నేనొకసారి, మామయ్య ఒకసారి. రెండూ కలవకపోతే మూడోసారి. రోజుకొక చోటినుంచి చూస్తే ఈ రోజు కనిపించిన గూడు రేపు కొమ్మ చాటున పడుతుంది, లెక్క చెడుతుంది. తరువాత లాంతరు దగ్గర కూర్చుని నోటుపుస్తకంలో రాసేవాళ్ళం: తేదీ, గాలి, నీటిమట్టం, గూళ్ళు.

ఇలాంటి పుస్తకాలు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. వేల్సు దేశపు ఒడ్డున ఉన్న స్కోకొమ్ దీవిలో రొనాల్డ్ లాక్లీ అనే ఆయన 1933లో బ్రిటనులోకెల్లా మొదటి పక్షి పరిశీలనాకేంద్రం పెట్టాడు. స్కాట్లండుకు ఉత్తరాన ఫెయిర్ అనే దీవిలో 1948లో ఇంకొకటి వెలిసింది. 2019లో ఆ భవనం అగ్నికి ఆహుతి అయింది, కాని ఏళ్ళతరబడి రాసుకున్న లెక్కలకు అప్పటికే నకళ్ళు తీసి ఉంచారు గనక అవి దక్కాయి. మన గోదావరి జిల్లా సంగతి కూడా ఒకాయన రాసిపెట్టబట్టే మనకు తెలుసు. కేరళ దేశస్థుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గుంపుగా పిల్లలు చేయడం చూసి, 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం పత్రికలో ప్రకటించాడు. ఆ గుంపు తరువాత చెదిరిపోయింది. ఆయన రాయకపోతే అక్కడ అవి ఉండేవని ఎవరు నమ్ముతారు?

ఇక నా నిర్వాకం. సంక్రాంతి ముందు రోజులు. మామయ్య సరుకులకు కైకలూరు వెళ్ళాడు. మా మూడో మంచె మీద ఇరవైమూడు గూళ్ళున్నాయి. గూళ్ళయితే లెక్కించాముగాని ఒక్కొక్క గూటిలో ఎన్ని గుడ్లున్నాయో! మూడో నాలుగో ఉంటాయని వినడమేగాని చూసింది లేదు. మామయ్య వచ్చేసరికి ఆ లెక్క కూడా రాసి మెప్పు పొందుదామనిపించింది. మిట్టమధ్యాహ్నం దోనె తీసి, గెడ వేసుకుంటూ మంచె కిందికి పోయాను.

ఒక్కసారిగా గూడబాతులన్నీ లేచిపోయాయి. పెద్దపక్షులు దాదాపు నోరెత్తవు. రెక్కల చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. గూళ్ళలో అప్పుడే పొదిగిన పిల్లలు, ఒంటిమీద నూగైనా లేనివి, ఎండలో మెడలాడిస్తూ కీచుమంటున్నాయి. నేను పైకి చూస్తూ గుడ్లు లెక్కపెడుతుండగానే గట్టుమీది కాకులు వచ్చి వాలాయి. గెడతో అదిలించాను, అరిచాను. నేను ఇటు అదిలిస్తే అవి అటు వాలాయి. నేనక్కడ ఉన్నంతసేపు తల్లులు రావు. నేను వెళితే కాకులు పోవు. ఏం చేయడానికీ తోచక ఏడుపు వచ్చింది. చివరికి దోనెను దూరంగా తీసుకుపోయాను. తల్లులన్నీ తిరిగివచ్చి కూర్చునేసరికి అరగంట పట్టింది. అప్పటికి మూడు గుడ్లు పోయాయి.

మామయ్యతో చెప్పకుండా ఉండవచ్చు. కాకులు ఎప్పుడూ ఉండేవే. కాని రాత్రి లాంతరు ముందు పుస్తకం తెరిచినప్పుడు నా చెయ్యి ఆడలేదు. జరిగిందంతా చెప్పేశాను. ఆయన తిడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"రాయరా అల్లుడూ," అన్నాడు చివరికి. "మూడు గుడ్లు పోయినవి. కారణం: కాకులు. కాకులు రావడానికి కారణం: మనిషి దగ్గరకు పోవడం. అలాగే రాయి."

రాశాను. మనిషి అంటే ఎవరో కూడా రాశాను.

ఆ తరువాత నేను దూరం తగ్గించి చూసింది లేదు. గట్టు మీదినుంచే పిల్లలకు తెల్లటి నూగు రావడం, అవి తల్లి నోటిసంచిలోకి తలదాకా దూర్చి చేపలు తినడం చూశాను. చూడనివాళ్ళకు తల్లే పిల్లను మింగుతోందేమో అనిపిస్తుంది.

మార్చిలో ఎండలు ముదిరి నీరు తీయసాగింది. నీటిలో పాతిన కొలబద్ద మీద ఒక్కొక్క గీతే బయటపడుతుంటే నాకు భయం వేసింది. నీరు ఉన్నంతవరకే దిబ్బ దీవి. ఇంకిపోతే అది మామూలు మట్టికుప్ప. ఒకనాడు పొద్దున్న రెండు ఊరకుక్కలు బురదలో సగందూరం పోయి, అక్కడ లోతు తగిలి వెనక్కి రావడం చూశాం. మంచెల మీద ఇంకా ఎగరలేని పిల్లలు చాలా ఉన్నాయి. గూడబాతు పిల్ల గుడ్డునుంచి వచ్చాక మూడు నెలలకు పైగా గూటిని అంటిపెట్టుకునే ఉంటుంది. గట్టుకు ఉన్న కన్నాలన్నీ మట్టితో మెత్తి, పక్క కాలువనుంచి ఇంజనుతో నీరు పెట్టించాం. రాత్రుళ్ళు వంతులవారీగా కాపలా కాశాం. కుక్కలు మళ్ళీ వచ్చాయిగాని దిబ్బ చేరలేదు.

మే నెల మొదట్లో ఒక సాయంత్రం గుంజ దగ్గర నిలబడి లెక్కపెట్టాను. మామయ్య కూడా పెట్టాడు. మూడోసారి అక్కర లేకపోయింది. పుస్తకంలో గూళ్ళ వరుసలో సున్న చుట్టాను. మామయ్య దాన్ని చూసి, పుస్తకం మూసి, "దోనె అడుగు పగిలింది, తారుడబ్బా ఎక్కడ పెట్టావురా?" అన్నాడు.