ఉత్తరపు మంచులో తల్లిపాలు

కెనడా దేశమున, క్విబెక్ రాష్ట్రపు ఉత్తరభాగమునకు నునావిక్ అని పేరు. అందలి 14 గ్రామములలో పెద్దదగు కూజ్జువాక్‌నకు విమానమున పోవలసినదే గాని దక్షిణమునుండి బాట లేదు. మేము దిగినది జూలై నెల. ఎండ కాయుచుండినను శాలువ విడువ వీలు లేకుండెను. నది యొడ్డున పొట్టి చెట్లు పలుచగా నున్నవి. ఉత్తరమునకు పోను పోను అవియు నుండవు. కర్మాగార మొకటియైన కానరాదు. దోమలు మాత్రము మన గోదావరి లంకలను మరపించును!

ఒక ఇనూయిట్ గృహిణి మమ్ము లోనికి పిలిచి, నేలపై అట్ట పరచి, గడ్డకట్టిన చేపను అర్ధచంద్రాకారపు కత్తితో కోసి పెట్టెను. 'ఉలు' అను నా కత్తి అచ్చటి స్త్రీల సొత్తు. మాలో శాకాహారులు తేనీటితో సరిపెట్టుకొనిరి. అంగడికి కాయగూరలు విమానమున రావలెను. వెలలు వినిన గుండె ఝల్లుమనును. కావున సీలు, తెల్ల తిమింగిలము, చేప, ఇవియే వంటయింటికి ఆధారము. తిమింగిలపు చర్మములో విటమిన్ సి కలదు. నిమ్మ పండని సీమకు అది యెంత మేలు!

1980 దశకమున ఎరిక్ డెవాయీ అను వైద్యుడు క్విబెక్ తల్లుల పాలను పరీక్షించుచు, పోల్చి చూచుటకు కల్మషములేని పాలు కావలెనని ఈ ప్రాంతమునుండి తెప్పించెను. ఫలితము తారుమారయ్యెను. పి.సి.బి. అను విషద్రవ్యము దక్షిణపు తల్లులకంటె వీరి పాలలో సుమారు 5 రెట్లు హెచ్చుగా నుండెను. అది విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరులలో పూర్వము పోయుచుండిన నూనె. ఈ తల్లులకు దానితో పనియే లేదు.

మరి యెట్లు చేరెను? సోదరీమణులారా, ఎసటిగిన్నె మూత తీసి చూడుడు. ఆవిరి చల్లని మూతకు తగిలి నీరగును గదా! పి.సి.బి.యు, మలేరియా మాన్పుటకై మన యిండ్లగోడలకు చల్లిన డి.డి.టి.యు వెచ్చని నేలలనుండి గాలికెక్కి, చలి తగిలినచోట దిగును. వేడి తగిలిన మరల లేచి మరికొంత దూరము పోవును. ధ్రువప్రాంతము భూమికి చల్లని మూత వంటిది. కొంత సముద్రప్రవాహములును మోసికొని పోవును. ఇవి నీటిలో సరిగా కరుగవు, క్రొవ్వులో నిలుచును. నాచు తిన్న పురుగు, పురుగును తిన్న చేప, చేపను తిన్న సీలు, ఇట్లు మెట్టు మెట్టునకు పెరిగి తుదకు తల్లిపాల వెన్నను చేరును.

బిడ్డకు పాలు మాన్పవలెనా? వలదనియే వైద్యుల నిర్ణయము. తల్లిపాల మేలు ఆ కీడునకు మించినదట. సరియే. కాని చన్నిచ్చు తల్లికి కలిగిన శంక ఒక్క మాటతో తీరునా? మా ఆతిథేయి ఆ యేండ్లలో పుట్టినది. ఆ వార్త విన్న దినములలో తన తల్లి పాలిచ్చుచునే కంట నీరు పెట్టుకొనెడిదని ఆమె చెప్పెను.

ఈ కూజ్జువాక్‌లో పుట్టిన షీలా వాట్-క్లూటియే అను వనిత 1999 లో నైరోబీలో జరిగిన అంతర్జాతీయ చర్చలలో, తల్లీబిడ్డల రాతిబొమ్మ నొకదానిని అధికారుల చేతికిచ్చి తనవారి గోడు చెప్పెను. 2001 లో స్టాక్‌హోమ్ ఒప్పందము కుదిరి, తొలుత 12 విషములపై కట్టడి చేసిరి. 2004 లో అది అమలునకు వచ్చెను. 2006 లో మన దేశమును చేరినది. నునావిక్ గర్భిణుల నెత్తుటిలో పి.సి.బి. 1992 నుండి బాగుగ తగ్గినది. ఇప్పుడు మరకలంటని బట్టల పూతలకును, అంటుకొనని పెనముల తయారీకిని వాడిన ఫ్లోరిన్ పదార్థములు కొన్ని వారి నెత్తుటిలో కనబడుచున్నవి.