పడవ ఆగిన ఊరు

ఫ్రాన్సు అనగానే మన సినిమా జనానికి గుర్తొచ్చేది ఈఫిల్ టవరు. దాని ముందు హీరో ఓ చరణం పాడతాడు, రెండో చరణానికి హీరోయిన్ చీర మారుస్తుంది, పాట అయిపోతుంది! నేను చూసొచ్చిన ఫ్రాన్సులో టవరూ లేదు, గ్రూప్ డాన్సూ లేదు. ఓ కాలువ, ఓ పడవ, ఓ చిన్న ఊరు... అంతే!

కాలువ పేరు కెనాల్ దు మిదీ. దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రం పక్కనున్న ఉప్పునీటి మడుగు దాకా 240 కిలోమీటర్లు. అద్దె పడవ నడపడానికి ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు. కాసేపు నేర్పించి చుక్కాని మన చేతికిచ్చేస్తారు. కాకపోతే గంటకి 8 కిలోమీటర్లు మించకూడదు. గట్టు మీద సైకిళ్ళ వాళ్ళు చెయ్యూపుతూ దాటిపోతుంటే నా స్నేహితుడికి ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం ఆర్జాన్ లాకు దగ్గర ఇరుక్కుపోయాం. మన గోదావరి కాలువల మీద లాకులు చూశారుగా, అలాంటివే. కాకపోతే ఈ కాలువ మీద చాలా లాకులు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. లాకు మనిషి భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా తలుపులు తెరుచుకోవు! మా ముందు మరో మూడు పడవలు. ఆ లాకు దాటితే 54 కిలోమీటర్లు ఇంకో లాకు లేదు. రాత్రికల్లా బెజియే చేరి, అక్కడ మెట్లలాగా దిగే లాకుల వరస చూడాలని మా ప్లాను. మేం లె సొమాయ్ చేరేసరికే పొద్దువాలింది. చీకట్లో అద్దె పడవలు నడపకూడదు. గట్టు మీద ఇనప మేకులు దిగేసి పడవ కట్టేశాం.

"ఈ పల్లెటూళ్ళో ఏముందిరా చూడ్డానికి?" అన్నాడు వాడు. నా మనసులోనూ అదే మాట!

గూని వీపులా పైకి వంగిన ఒంటి కమాను రాతి వంతెన. దాన్ని ఆనుకుని చిన్న ప్రార్థనా మందిరం. గట్టు పక్కన నాలుగు ఇళ్ళు. భోజనం పెట్టిన పెద్దావిడ వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులు తిప్పుతూ అసలు సంగతి చెప్పింది. వెనకటి రోజుల్లో గుర్రాలు లాగే టపా పడవలో తులూజ్ నుంచి సముద్రం వైపు నాలుగు రోజుల ప్రయాణం. ప్రయాణికులు రాత్రి నిద్రకి దిగే మజిలీల్లో ఇదొకటి. సత్రం, మందిరం అందుకే వెలిశాయి. అంటే మేం విసుక్కుంటూ ఆగిన ఈ ఊరు పుట్టిందే ఆగడం కోసం!

అన్నట్టు, ఇంత చిన్న ఊళ్ళో ఓ పెద్ద పాత పుస్తకాల దుకాణం ఉందంటే నమ్ముతారా? పొద్దున్నే దూరాం. పాత సినిమా పుస్తకాల మధ్య జాఁ విగో ఫొటో కనబడింది. 'లతలాంత్' తీసిన దర్శకుడు. పెళ్ళి బట్టలతోనే పడవెక్కి కాపురానికొచ్చిన పల్లెటూరి పిల్ల కథ అది. తీసింది ఈ కాలువ మీద కాదు, ఉత్తరాన ప్యారిస్ చుట్టుపక్కల. 1934లో దాన్ని కత్తిరించి, పేరు కూడా మార్చి విడుదల చేశారు. కొద్ది వారాలకే విగో క్షయతో పోయాడు. వయసు 29! ఇవాళ ప్రపంచంలోని గొప్ప సినిమాల్లో దాన్నొకటిగా లెక్కేస్తారు.

ఈ కాలువ కథా అలాంటిదే. ఉప్పు పన్ను వసూలు చేసే పియెర్ పోల్ రికే 1666లో రాజు అనుమతి సంపాదించి, సొంత డబ్బు కుమ్మరించి, అప్పులపాలై దీన్ని తవ్వించాడు. 1680 అక్టోబరులో చనిపోయాడు. కాలువ తెరిచింది 1681 మేలో. ఏడు నెలల్లో తప్పిపోయింది పాపం!

ఆయన కాలువకి 1996లో యునెస్కో గుర్తింపొచ్చింది. కాని ఇప్పుడు దాని నీడకి ఆపదొచ్చింది. గట్ల మీద పందొమ్మిదో శతాబ్దంలో నాటిన ప్లేన్ చెట్లు సుమారు 42,000 ఉండేవి. 2006లో వాటికి బూజు తెగులు పట్టినట్టు తెలిసింది. మందు లేదు. తెగులు తగిలిన చెట్టునీ, దాని పక్కవాటినీ కొట్టేసి కాల్చెయ్యాల్సిందే. ముందురోజు కొన్నిచోట్ల ఎండ మాడు పగలగొట్టింది ఇందుకేనన్నమాట! ఆ ఖాళీల్లో ఇప్పుడు వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు.

మేకులు పీకుతుంటే పక్కనే కర్రకి కట్టిన ఓ చిన్న మొక్క. నాకంటే జానెడు పొడుగు, అంతే. దాని కిందికి సరైన నీడ పడేసరికి నాటినవాళ్ళలో ఎంతమంది ఉంటారో! నా స్నేహితుడు దాన్ని కాసేపు చూశాడు.

"తొందరేం లేదులేరా. బెజియే ఎక్కడికీ పోదు" అన్నాడు.

నిన్న సైకిళ్ళని చూసి మండిపడ్డవాడేనా వీడు! కాఫీ కలిపాను. ఇద్దరం వంతెన కేసి చూస్తూ తాగి, అప్పుడు పడవ విప్పాం.