కాళ్లతో తొక్కే పడవ

మా ఇంటికి కొత్త కయాక్ వచ్చింది. ఒక్కరే కూర్చుని చేపలు పట్టుకునే పడవ. కాళ్లతో ఒకటి మార్చి ఒకటి నెడుతుంటే, అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ రెక్కల్లా ఊగి ముందుకు తోస్తాయి. చేతులు ఖాళీ కాబట్టి గాలం పట్టుకోవచ్చు. తెడ్డు మాత్రం వెంట ఉండాల్సిందే.

పోయిన శనివారం డాలస్ దగ్గర లూయిస్‌విల్ సరస్సులో దింపాం. "ముందు నువ్వెక్కు" అన్నారు మావారు.

నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్నే. కానీ అన్నయ్యలు ఈదుతుంటే రేవు మెట్ల మీద కూర్చుని వాళ్ల బట్టలకు కాపలా కాశాను. ఆడపిల్లకి ఈతెందుకనేది మా నాయనమ్మ. అందుకే ఇప్పటికీ రాదు.

లైఫ్ జాకెట్ బిగించుకుని ఎక్కాను. పడవ ఊగగానే గుండె ఝల్లుమంది. నాలుగు తొక్కులకి కుదురుకుంది. ఇరవయ్యేళ్లు కుట్టుమిషన్ తొక్కిన కాళ్లు మరి! ఒడ్డు వెంబడే తిరిగాను. చుట్టూ నీళ్లు, నా ఇష్టమొచ్చిన దిక్కు.

గంటకి ఒక బాస్ చేప పడింది. ఇక్కడ 14 అంగుళాలు లేకపోతే వదిలెయ్యాలి. నాది 11. పులుసు ఆశ నీళ్లపాలు!

వచ్చే నెల ఈత నేర్చుకోవడానికి చేరుతున్నాను. నలభై ఆరేళ్లకి ఈతెందుకంటారా? పడవ నాకు నచ్చింది మరి.