మగ్గాలు ఆగిన రోజులు

తపతీ నది సముద్రంలో కలియడానికి కొద్ది దూరం ముందు, దాని ఇరుగట్ల మీదా విస్తరించిన నగరం సూరత్. 1608లో విలియం హాకిన్స్ అనే ఆంగ్లేయుడు 'హెక్టర్' నౌకలో వచ్చి లంగరు వేసినది ఈ రేవు ముంగిటనే. 1664లోను, 1670లోను శివాజీ సేనలు కొల్లగొట్టినది ఈ ఊరి సంపదనే. రేవు వైభవం అంతరించినా సంపద రూపు మార్చుకొని నిలిచింది. నేడు ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో అధికభాగం ఇక్కడ మెరుగు దిద్దుకొంటున్నవి. దేశమంతటా స్త్రీలు కట్టే పాలియెస్టరు చీరలలో ఎన్నో ఇక్కడి మరమగ్గాల మీద పుట్టినవే.

ఈ నగరానికి తనదైన శబ్దం ఒకటి ఉన్నది. ఉధ్‌నా, లింబాయత్, పాండేసరా పేటలలో రాత్రింబవళ్ళు తెరపి లేకుండా వినిపించే మగ్గాల మోత అది. దీపావళికి ఆ మోత ఆగిపోతుంది. గుజరాతీల కొత్త సంవత్సరం దీపావళి వెన్నంటి వస్తుంది. లాభపంచమి దాకా అంగళ్ళు తెరవరు. మగ్గాల కార్ఖానాలు చాలాచోట్ల రెండు మూడు వారాలు మూతబడతాయి. ఆ నిశ్శబ్దంలో కొన్ని ఇళ్ళలో ఒక కఠినమైన ప్రశ్న తలెత్తుతుంది: ఈ సెలవులు ఇంటి యజమాని తాగుడుకు ధారపోయవలసినవేనా, లేక ఆ తాగుడు నుండి బయటపడడానికి దొరికిన వ్యవధియా?

తపతి ఒడ్డున తెలుగు పలుకు

లింబాయత్, ఉధ్‌నా వైపు నడిచేవారికి తెలుగు చెవిన పడకపోదు. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడికి తరలివస్తున్నవి. చేతిమగ్గం కూడు పెట్టలేని కాలంలో కొందరు షోలాపురానికి, కొందరు భివండీకి, కొందరు సూరత్‌కు దారిపట్టారు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నవి. దసరా ముందు వాడలలో బతుకమ్మలు పేర్చి ఆడతారు.

సిరిసిల్లలో 'సాంచాలు' అని పిలిచే మరమగ్గాల మీద బ్రతుకు సుఖమైనది కాదు. పాళీకి పన్నెండు గంటలు. ఒక మనిషి ఒకేసారి ఎన్నో సాంచాలను కనిపెట్టి ఉండాలి. కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. పని లేని నాడు కూలి లేదు. చెవులు దిమ్మెక్కే మోతలో రాత్రంతా నిలబడినవాడు, తెల్లవారాక ఒళ్ళు నొప్పులు మరచి నిద్రపోవడానికి ఒక గ్లాసుతో మొదలుపెడతాడు. కొన్నేళ్ళకు ఆ గ్లాసు లేనిదే చేతుల వణుకు ఆగని స్థితి వస్తుంది.

గుజరాత్‌లో మద్యనిషేధం ఉన్నది కదా అని దూరాన ఉన్నవారు అనుకొంటారు. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి నిషేధం అమలులో ఉన్న మాట నిజమే. అయితే దక్షిణాన దామన్‌లో మద్యం బాహాటంగా దొరుకుతుంది. చాటుగా కాచిన సారా ప్లాస్టిక్ సంచులలో 'పోట్లీ' పేరిట చేతులు మారుతుంది. 2022 జూలైలో బొటాద్ పరిసరాలలో మిథైల్ ఆల్కహాలు కలిసిన ద్రవం తాగి 40 మందికి పైగా మరణించారు. తాగడమే నేరమైన చోట, తాగేవాడు పోలీసుకే కాదు, వైద్యుడికి కూడా దాక్కొంటాడు. అతని వ్యాధి చివరకు ఇంటివారికి మాత్రమే తెలిసిన రహస్యంగా మిగిలిపోతుంది.

పండుగ తెచ్చే రెండు ప్రమాదాలు

దీపావళికి సేట్లు లెక్కలు తేల్చి బాకీలు చెల్లిస్తారు. కొందరికి బోనసు కూడా ముడుతుంది. చేతినిండా డబ్బు, చేయడానికి పనిలేని రోజులు, చుట్టూ స్నేహితులు: తాగుడుకు ఇంతకంటె అనువైన కాలం లేదు. ఇది అందరికీ తెలిసిన ప్రమాదం.

రెండవది అంతగా తెలియనిది. ఏళ్ళ తరబడి ప్రతిదినం తాగిన మనిషి హఠాత్తుగా మానివేస్తే శరీరం తిరగబడుతుంది. చివరిసారి తాగిన 6 గంటల నుండి 24 గంటల లోపల వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. రెండవ రోజుకు, నాలుగవ రోజుకు మధ్య కొందరికి మతి చలించి లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ఈ స్థితి ప్రాణం తీయవచ్చు.

సూరత్ నుండి వరంగల్లు మీదుగా మద్రాసు వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన కార్మికుని తలచుకొంటే ఈ సంగతి బోధపడుతుంది. నందుర్బార్, భుసావల్, వార్ధా, బల్లార్షా దాటి స్వస్థలం చేరేసరికి దాదాపు ఒక రోజు గడుస్తుంది. పండుగకు ఇంటికి పోతున్నాను గదా అని బుద్ధిగా ఆ రోజు ముట్టనివాడికి సరిగ్గా రైలులోనే వణుకు పట్టుకొంటుంది. తోటి ప్రయాణికులు దాన్ని చలిజ్వరమనుకొంటారు.

ఇది ఊహ కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణ అధికారులు కల్తీ కల్లుపై దాడులు జరిపినప్పుడు, అందులో కలిపే మత్తుమందులకు అలవాటుపడినవారు మూర్ఛలతో, మతిభ్రమతో నిజామాబాదు మొదలైన చోట్ల ఆసుపత్రులకు చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతబడగా, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తాగుడు రోగులు బారులు తీరారు. మానడం మంచిదే. కాని వైద్యుని అండ లేకుండా ఒక్క ఊపున మానడం అందరికీ క్షేమకరం కాదు.

చికిత్సకు ఒక క్రమం

తాగుడు మాన్పించడమంటే గదిలో పెట్టి తాళం వేయడం కాదు. చికిత్సకు మెట్లు ఉన్నవి. మొదటి మెట్టు, శరీరంలోని విషాన్ని సురక్షితంగా దింపడం. దీనికి సాధారణంగా ఒక వారం నుండి పది రోజులు పడుతుంది. డయాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందులను మొదట తగు మోతాదులో ఇచ్చి క్రమంగా తగ్గిస్తారు. మెదడును కాపాడడానికి థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. రెండవ మెట్టు, మాటతో చేసే వైద్యం: ఎప్పుడు, ఎవరితో, ఎందుకు తాగబుద్ధి అవుతుందో రోగి తానే గుర్తించి, ఆ ఘడియను దాటే ఉపాయం నేర్చుకోవడం. ఇందులో భార్యకు, తల్లికి కూడా పాత్ర ఉన్నది. మూడవ మెట్టు, నెలల తరబడి సాగే పర్యవేక్షణ. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఈ దశలో తోడ్పడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డైసల్ఫిరామ్ అనే మందు వేసుకొన్నవాడు మద్యం ముట్టితే తీవ్రమైన బాధకు లోనవుతాడు. అతనికి తెలియకుండా దానిని కూరలో కలిపి పెట్టడం కొన్ని ఇళ్ళలో జరుగుతున్నది. అది ప్రాణాపాయకరం. రోగికి చెప్పి, వైద్యుని అనుమతితో మాత్రమే ఇవ్వవలసిన ఔషధమది.

సూరత్‌లో ఇందుకు పరదేశం పోనక్కరలేదు. మజూరా గేటు వద్దనున్న న్యూ సివిల్ ఆసుపత్రిలోను, ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ ఆసుపత్రిలోను మానసిక వైద్య విభాగాలు ఉన్నవి. కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు దేశంలో పలుచోట్ల ఉన్నవి. 14446 అనే సంఖ్యకు ఫోను చేసి దగ్గరి కేంద్రం వివరాలు ఉచితంగా తెలుసుకోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా వ్యాధులుగానే పరిగణించింది. రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యునిది. కొట్టి, కట్టివేసి మాన్పిస్తామనే చోట్లకు ఈ చట్టంలో తావు లేదు. చేర్పించబోయే ముందు ఆ కేంద్రానికి ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదా, వైద్యుడు ఉన్నాడా అని అడగడం కుటుంబం హక్కు.

సెలవులే అదను

మీటరు లెక్కన బ్రతికేవాడిని పని రోజులలో ఆసుపత్రిలో చేరమంటే చేరడు. కూలి పోతుంది, సాంచా మరొకరి చేతికి పోతుంది. దీపావళి సెలవులలో ఆ నష్టం లేదు. మూడు వారాల వ్యవధి మొదటి మెట్టుకు చాలి, రెండవ మెట్టు ఎక్కడానికి కూడా సరిపోతుంది. ఎక్కడికి పోయావని కార్ఖానాలో అడిగేవారు ఉండరు. గుజరాత్ బడులకు సైతం అప్పుడే సెలవులు గనుక పిల్లల బడి హడావిడి లేక ఇల్లాలు ఆసుపత్రిలో తోడుండగలదు.

అయితే ఆసుపత్రుల ఓపీకి కూడా పండుగ సెలవులు ఉంటాయి. అందుచేత దీపావళికి పది పదిహేను రోజుల ముందే వైద్యుని కలిసి, చేరవలసిన రోజు నిశ్చయించుకోవాలి. అంతవరకు తానుగా హఠాత్తుగా మానరాదు. సేటు ఇచ్చే డబ్బు ఎవరి చేతికి రావాలో ముందే అనుకోవాలి. సెలవుల తర్వాత మందులకు సూరత్‌లోనే వెళ్ళాలా, స్వస్థలానికి పోతే వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి వెళ్ళాలా అన్నది కూడా తేల్చుకోవాలి.

"పండుగ పూట దవాఖానల పడుకొనుడేంది బిడ్డా?" అని ఇంటి పెద్దలు అడ్డుపడడం సహజం. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయం ఆ ప్రశ్న వెనుక ఉన్నది. కాని రోగాన్ని దాచడం వల్ల ఏమవుతుందో సూరత్‌కు తెలుసు. 1994లో ప్లేగు సోకినప్పుడు భయంతో లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయారు. మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు వీధివీధికీ బాధ్యులను నియమించి, ప్రతిదినం పని తనిఖీ చేయించి, మురికికి మారుపేరైన ఊరిని దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో ఒకటిగా నిలిపాడు. నగరాన్ని నిలబెట్టినది సిగ్గు కాదు, క్రమం తప్పని పని. తాగుడు వ్యాధికీ అదే మందు.

ఇంతటి అవకాశం ఉన్నా అందుకొనేవారు కొద్దిమందే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా లొంగిపోయిన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స లభించింది. చేరినవారిలోనూ కొందరు మళ్ళీ తాగుతారు. రక్తపుపోటు మళ్ళీ పెరిగినంత మాత్రాన ఎవరూ మందు మానరు. ఇదీ అంతే. జారినవాడు మరునాడే వైద్యుని వద్దకు పోవాలి.

లాభపంచమి గడిచిన కొద్ది రోజులకు సాంచాల మోత మళ్ళీ మొదలవుతుంది. అదే పాళీ, అదే ఒళ్ళునొప్పి, వీధి మొగలో అదే పోట్లీ. వాటిలో ఏదీ సెలవులలో మారదు. పాళీ దిగి వచ్చిన మనిషి ఆ పూట ఏ దారిన ఇల్లు చేరాలో ముందుగా నిశ్చయించుకొని ఉండడం, నెల తిరిగేసరికి ఆసుపత్రి చీటీ చేతపట్టుకొని బయలుదేరడం: చికిత్స మిగిల్చే మార్పు ఈపాటిదే. ఒక కుటుంబం నిలబడడానికి అది చాలు.