పదిహేడు గంటల దూరం

"ఎన్ని మైళ్ళు?" అని మా అమ్మ ఎప్పుడూ అడగదు. "ఎన్ని దినాలు పడుతుంది?" అని అడుగుతుంది. హిందూపురం దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక బెంగుళూరు జయనగరంలో స్థిరపడిన మనిషి. ఆమె లెక్కలో దూరమంటే కాలమే.

1996లో నాన్నకు ఒంట్లో బాగాలేదని అన్నయ్య ఫోను చేశాడు. టికెట్టు దొరకడానికే ఒక రోజు పట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హాంగ్‌కాంగ్, సింగపూరు, మద్రాసు మీదుగా ముప్ఫయి ఆరు గంటలకు బెంగుళూరులో దిగాను. పాత విమానాశ్రయం ఊళ్ళోనే ఉండేది గనక, ఆటోలో ముప్పావుగంటకల్లా ఇంటి ముందున్నాను. వాకిట్లో అన్నయ్య నిలబడ్డ తీరు చూడగానే తెలిసిపోయింది. అప్పటికే అన్నీ అయిపోయాయి.

ఇంట్లో గ్లోబు ఉంటే, పిల్లలతో కలిసి ఈ రెండు ఊళ్ళ మధ్య ఒక దారం బిగించి చూడండి. గోడ మీది పటం చూస్తే పసిఫిక్ సముద్రం దాటి పోవాలనిపిస్తుంది. దారం మాత్రం ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు చెరోవైపున ఉండడమే కారణం. ఆ దగ్గరి దారి సుమారు 14,000 కిలోమీటర్లు, అంటే 8,700 మైళ్ళు.

2021 జనవరి 9 రాత్రి ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి, ఎక్కడా ఆగకుండా 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నడిపినవారంతా మహిళలే. ప్రయాణం పదిహేడు గంటలే అయినా, గడియారాల తేడా వల్ల పదో తేదీ దాదాపు ఆకాశంలోనే గడిచిపోయింది!

2023 డిసెంబరులో నేనూ అలాగే నేరుగా వెళ్ళాను. అమ్మకు మోకాలి ఆపరేషను. ఈసారి వేళకు చేరాను. ఆసుపత్రికి తీసుకువెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆ ఒక్కదానికైనా ఆ విమానానికి దణ్ణం పెట్టుకున్నాను.

2008 మే నుంచి బెంగుళూరు విమానాశ్రయం దేవనహళ్ళి దగ్గరికి మారింది. టిప్పు సుల్తాను పుట్టిన ఊరది. జయనగరానికి నలభై కిలోమీటర్ల పైమాటే. వచ్చేటప్పుడు చీకటితో దిగాను గనక గంటలో ఇల్లు చేరాను. తిరుగు ప్రయాణంలో మాత్రం పొద్దున్నే కారెక్కినా ట్రాఫిక్కులో రెండున్నర గంటలు పట్టింది. దేశాలు దాటడం సులువైంది గాని ఊరు దాటడం కష్టమైంది.

బయలుదేరే ముందురోజు రాత్రి పెట్టె సర్దుతుంటే అమ్మ మంచం మీది నుంచి అడిగింది: "అప్పుడు రెండు దినాలు ప్రయాణం చేసి వచ్చి నెల ఉంటివి. ఇప్పుడు ఒక్క దినంలో వచ్చి పదిహేను దినాలకే పోతాండావు. దూరం తగ్గిందా, పెరిగిందా?"

సెలవు లేదన్నాను. నిజమే, లేదు. అయినా అమ్మ ముఖంలోకి చూడలేకపోయాను.

విమాన సర్వీసులు వస్తుంటాయి, పోతుంటాయి. అవి మనకు మిగిల్చే గంటలు ఎవరికి ఇస్తున్నామో చూసుకోవలసింది మాత్రం మనమే. ఈసారి వేసవికి ఆరు వారాలు సెలవు అడిగాను. అమ్మకు ఫోనులో చెబితే ఎన్ని గంటల ప్రయాణమని అడగలేదు. "అయితే మామిడికాయలు ఊరేసి పెడతా" అంది.