అమ్మ వేలిముద్రలు

మౌలాలిలో మా ఇంటి వెనుకనుంచి ప్రతి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ వెళుతుంది. ఆ కూత వినపడగానే అమ్మ చేతిలోని పని ఆపి ఒక్క క్షణం అలా నిలబడిపోతుంది. మా పిన్ని ఉండేది రాజమండ్రిలో.

కిందటేడు ఒకనాడు బియ్యం ఏరుతూ అమ్మ తన నిర్ణయం ప్రకటించింది. “చెల్లి దగ్గరికి వెళ్ళొస్తాను. ఒక్కదాన్నే వెళతాను. టికెట్టు కొనుక్కునే వెళతాను.”

ఆ చివరి మాటకు ఒక చరిత్ర ఉంది. నాన్నగారిది రైల్వే ఉద్యోగం. ఆయన ఉన్నన్నాళ్ళూ అమ్మ ఎక్కడికి వెళ్ళినా ఆయన పాసు మీదనే. అందులో ‘స్వయం, భార్య, ఇద్దరు పిల్లలు’ అని ఉండేది. ఆమె పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. ఆయన పోయిన తరువాత, నియమం ప్రకారం, వితంతు పాసు వచ్చింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇన్నాళ్ళకు నా పేరు రాశారు. దానితోపాటు ఈ మాటా రాశారు” అని బీరువాలో పెట్టేసింది. మళ్ళీ బయటకు తీయలేదు.

అయితే టికెట్టు కొంటే సరిపోదు, గుర్తింపు చూపాలి. 2012 డిసెంబరు 1 నుంచి రిజర్వేషను ఉన్న అన్ని తరగతులలోనూ, ఒక టికెట్టు మీద వెళ్ళేవారిలో ఒక్కరైనా అసలు గుర్తింపు కార్డు చూపవలసి ఉంటుంది. నలుగురితో కలిసి వెళ్ళే మనిషిని పక్కవారి కార్డు కాపాడుతుంది. ఒంటరిగా వెళ్ళే మనిషికి తన కార్డు తనకు ఉండి తీరాలి. అమ్మ జీవితంలో ఈ అవసరం ఇదే మొదటిసారి.

ఉన్న ఆధార్ కాగితం మడతల దగ్గర చిరిగి, పసుపు మరకలతో ఉంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఓటరు కార్డులోని బొమ్మ ఎవరిదో అమ్మకే తెలియదు. అందుకని ముందు పేరు సరిచేయించి, తరువాత ప్లాస్టిక్ ఆధార్ కార్డు తెప్పించాలనుకున్నాం. 2020 అక్టోబరులో 50 రూపాయల రుసుముతో ప్రవేశపెట్టిన కార్డు అది. ఏటీఎం కార్డంత ఉంటుంది. దానిమీద క్యూఆర్ కోడు, హోలోగ్రాము, కంటికి ఆనని సన్నని అక్షరాలు ఉంటాయి. వీధి దుకాణాలలోనూ ప్లాస్టిక్ మీద అచ్చు వేసి ఇస్తారు కానీ, వాటికి ఈ భద్రతా చిహ్నాలు ఉండవనీ, అవి వద్దనీ ఆధార్ సంస్థ 2022 జనవరిలోనే చెప్పింది.

రుజువు కాగితాలన్నీ సంచిలో సర్దుకుని ఒక నమోదు కేంద్రానికి వెళ్ళాం. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడు. “అమ్మా, గీడ వేలు పెట్టుండ్రి” అన్నాడు. అమ్మ పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. “జర గట్టిగ నొక్కుండ్రి.” ఒప్పుకోలేదు. వేలు కొంగుకు తుడిచింది, తలకు రాసుకుంది. ఒక వేలు, మరొక వేలు, చెయ్యి మారింది. వరుసలో మా వెనుకనున్నవారు కదలడం మొదలుపెట్టారు.

అమ్మ నా వంక చూసి మెల్లగా అడిగింది, “నాకు వేలిముద్రలు లేవంటావా?”

నాకు నోట మాట రాలేదు. వయసుతో చర్మం పలచబడి గీతలు అరిగిపోతాయని నాకు తెలుసు. కానీ అవి వయసు ఒక్కటే అరగదీసిన వేళ్ళు కావు. బూడిదతో గిన్నెలు తోమిన వేళ్ళు, సబ్బునీళ్ళలో నానిన వేళ్ళు, రోట్లో పచ్చళ్ళు నూరిన వేళ్ళు. మా ముద్రలు తీర్చిదిద్దే పనిలో ఆమె ముద్రలు చెరిగిపోయాయి.

“ఫికర్ చెయ్యకుండ్రి, కండ్లతోని చూద్దాం” అన్నాడు కుర్రవాడు. ఆధార్ నమోదులో పది వేళ్ళతోపాటు రెండు కనుపాపలనూ తీసుకునేది ఇందుకే కాబోలు. అమ్మ కళ్ళు విప్పార్చి చూసింది. యంత్రం ఈసారి ఆమెను గుర్తుపట్టింది.

తిరుగుదారిలో ఆటో కొండ కిందనుంచి వచ్చింది. పైన మౌలా అలీ దర్గా. కుతుబ్‌షాహీల కాలంలో, ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, ఆస్థాన సేవకుడైన యాకూత్‌కు కలలో హజ్రత్ అలీ కనిపించారనీ, మరునాడు ఈ కొండమీది రాతిపై ఆయన హస్తముద్ర కనిపించిందనీ ఐతిహ్యం. మా పేటకు ఆ పేరు అలా వచ్చింది. నాలుగు వందలకు పైగా మెట్లెక్కి, మతంతో నిమిత్తం లేకుండా జనం నేటికీ ఆ ముద్రకు మొక్కుతున్నారు. అమ్మ కూడా ఆటోలోంచే దణ్ణం పెట్టింది. ఆ అరచేతిని అంత దగ్గరగా నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

కొన్ని వారాలకు స్పీడ్ పోస్టులో కార్డు వచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని తన పేరును, సరిచేసిన ఇంటిపేరుతో సహా, పైకి చదువుకుంది. సికింద్రాబాదులో బండి ఎక్కించి వచ్చాను. కాజీపేట దాటాక ఫోను చేసింది.

“టీసీ వచ్చాడు. కార్డు చూపించమన్నాడు, చూపించాను.”

“మంచిది. ఏమన్నాడు?”

“నా పేరు చదివి, ‘మీరేనాండీ’ అని అడిగాడు.” కాసేపు పట్టాల చప్పుడు మాత్రమే వినిపించింది. తరువాత అమ్మ అంది, “నేనేనని చెప్పాను.”