రెండు పేర్లు

మా పల్లె గుడి కిటికీలకి అద్దాల్లేవు. గోనెపట్టాలు కట్టేవాళ్లం. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో ఆ ఘాటు లోపలికొచ్చి, పాట మధ్యలో అందరం దగ్గేవాళ్లం.

నాయనకి రెండు పేర్లు. గుడి రిజిస్టర్లో యేసుదాసు, బడి రిజిస్టర్లో రాముడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ అంటే హిందువే అంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవులైన దళితుల్ని మాత్రం ఆంధ్రలో బీసీ-సీలో పెట్టారు. దేవుడు మారాడని కాగితం నమ్మింది గానీ ఊరు నమ్మలేదు. టీకొట్లో మా గ్లాసు విడిగానే ఉండేది. కులం సర్టిఫికెట్టుకి ఆఫీసుకెళ్తూ నాయన నా చెవిలో, “అడిగితే గుడి మాట ఎత్తబాకరా” అన్నాడు. ఆ కాగితంతోనే నేను చదువుకున్నాను.

కూటికోసం మతం పుచ్చుకున్నారని ఎద్దేవా చేసేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 1876-78 కరువులో ఒంగోలు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. కూడు అయిపోయాక మునిగినోళ్లు దేనికోసం మునిగారు? మనిషన్న పిలుపు కోసం.

నాయన గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు మోసి మోసి నడుము పోయాక, “ఒక్కసారి మెదక్ గుడి చూడాలిరా” అన్నాడు. తీసుకెళ్లాను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన గుడి. బయటనించి ఆ పెద్ద కిటికీలు నల్లగా కనపడ్డాయి. “ఏందిరా, మసి పట్టినట్టుండయ్యి?” అన్నాడు. లోపలికెళ్లాం. వెనకనించి ఎండ పడి, సీసంతో అతికిన గాజుముక్కలన్నీ ఎర్రగా, నీలంగా వెలుగుతున్నాయి. ఒక పక్క యేసు పుట్టుక, ఒక పక్క సిలువ, బలిపీఠం వెనక ఆరోహణం. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవి. పొద్దుగూకితే లోపల్నించి కూడా బొమ్మ కనపడదు.

చూపిస్తున్నాయన గుడి కట్టించిన పోస్నెట్ దొర పేరు చెప్పాడు. బొమ్మలేసినాయన పేరు చెప్పాడు. కరువులో జనానికి తిండిపెట్టి పని చేయించారనీ చెప్పాడు.

“రాళ్లు మోసినోళ్ల పేర్లేందయ్యా?” అన్నాడు నాయన.

ఆయన నవ్వి ఊరుకున్నాడు.

బయటికొచ్చేముందు కానుకిచ్చాం. రసీదు రాసే పిల్లాడు పేరడిగాడు. నాయన నా మొహంలోకి చూశాడు. చుట్టూ చూశాడు. గట్టిగా, “యేసుదాసు” అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ రసీదుని ట్రంకుపెట్టెలో దాచాడు, నా కులం సర్టిఫికెట్టు కింద.